నడిమి కుట్టు

నా మరదలు ముత్యాలు నా భార్య కుట్టిన కుట్టును విప్పివేసినది. ముట్టవద్దని చెప్పిన పిమ్మట విప్పినది. దీనిని నేను క్షమింపలేదు. క్షమింపను.

అది భాద్రపదమాసము. నాట్లు ముగిసి నాగళ్లు చూరుక్రిందికి చేరియుండెను. రేయింబవళ్లు ఎడతెగక కురిసిన సన్నని జల్లులకు నాని నీలమేఘచ్ఛాయలో మసకబారిన వరిపొలములు మగతనిద్రయందు మునిగినట్లుండ వరదనీటితో నిండి సాగిపోవు నాగావళియొక్క గంభీరమందఘోష దూరమునుండి జోలవలె వినవచ్చుచుండ పైకప్పునందమర్చిన అద్దపుపెంకునుండి జాఱిన క్షీరధవళమైన పగటివెలుతురు మా నడవయందు ఒక్కచోట మాత్రము కుప్పపోసినట్లు నిలిచియుండెను. ఆ వెలుతురునందు బొంతను పఱచుకొని నేను కూర్చుంటిని.

బొంత నా భార్య సన్యాసమ్మ ప్రారంభించినది. ముత్యాలు కూతురు నీలవేణికి తొలికాన్పు రానుండెను. మా ప్రాంతమున పుట్టిన బిడ్డను క్రొత్తబట్టపై పరుండబెట్టరు. ఇంటివారు కట్టి ఉదికి ఉదికి వెన్నవలె మెత్తబడిన పాతబట్టలను పొరలుగా పఱచి వానిపై రంగురంగుల ముక్కలుంచి అన్నిటిని కలిపి చేతితో కుట్టిన బొంతపై పరుండబెట్టుదురు. ఆడువారందఱును ఆ కుట్టును అంచున మొదలిడి చుట్టును త్రిప్పుచు నడిమికి వత్తురు. సన్యాసమ్మ నడిమినే మొదలిడినది. అప్పటికే ఉబ్బసము ఆమెను మంచమునకు కట్టివేసెను.

“అంచులు ఎవులైనా కుట్టుకుంతారు. పాప తొంగునేది నడిమినే గదా. నా సెయ్యి ఆడుంటే సాలు” అని నాతో చెప్పినది.

వణకు చేతులతో ఆమె కుట్టగలిగినది చేటంత మేర. ఆ కుట్టు తిన్నగా సాగలేదు. నీటిచుక్కకు బెదరిన చీమలబారువలె అటునిటు వంకలుపోయెను. అంతటితో ఆమె పోయినది. ఆమె చీరలన్నియు దినమునాడు చాకలికి పోయినవి. అది ఆచారము. ఆచారముతో నాకు తగవు లేదు. ఆ యింట ఆమె చేయి మిగిలినది ఆ చేటంత కుట్టునందే.

మిగిలినదానిని నేను పట్టితిని. గోనెసంచుల మూతులు కుట్టిన చేయి నాది. ఆ పనియందు ఇంతటి సుఖమున్నదని నాకెవ్వరును చెప్పియుండలేదు. ఎడమచేయి బొంతక్రింద దాగి సూదిమొనకై ఎదురుచూచుచుండ కుడిచేయి పైనుండి మెల్లగా దానిని దింపుచుండ పొరపొరను దాటివచ్చిన మొన వ్రేలికొనను తాకీతాకక మరల పైకి తేలుచుండ వెనువెంట దారము గుడ్డను ఒరసికొని సాగునప్పటి సన్నని సవ్వడి నా యూపిరితో కలిసి ఒక్కటైపోవుచుండ ప్రొద్దు ఎప్పుడు వాలెనో నేనెఱుగకుంటిని. ఎఱ్ఱముక్క ప్రక్కన పసుపుముక్కను పెట్టి చూచితిని. కుదరలేదు. పసుపు తీసి నా పాతలుంగీలోని నీలిముక్కను పెట్టితిని. రెండును ఒండొంటిని చూచి ఊరడిల్లినట్లు తోచెను. క్రమక్రమముగా ఆ ముక్కలు ముక్కలుగా కనుపించుట మానినవి. ఎఱుపు పండుమిరపచేనయ్యెను. ఆకుపచ్చ ఆకుమడియయ్యెను. నీలి నాగావళియయ్యెను. కుట్టువరుసలు గట్లయ్యెను. ఆ గట్లవెంట కూటికుండ తలదాల్చి వెనుదిరిగి చూడక సన్యాసమ్మ ముందు నడచుచుండ అడుగుల సవ్వడిలేక నేను వెనుక నడచుచుంటిని.

ఒకనాడు ప్రక్కయింటి పైడమ్మ గడప దాటి వచ్చి నిలిచెను. చూపు మందగించిన ముసలిది.

“ఏటి నాయుడూ, సూది అట్టుకున్నావు. రేపట్నుంచి గాజులు కూడా ఏసుకుంతావేటి?”

“నీకు కళ్లానవు గదా అత్తా. సూది ఎలాగ అవుపడ్డాది?”

“సూది అవుపడనేదు. నీ మూతి అవుపడ్డాది. దారం ఎక్కించినప్పుడు నా మూతీ అలాగే ఉండీది.”

ఆమె కూర్చుండి బొంతను చేతితో తడివిచూచెను. అంచునుండి నేను దున్నుకొనివచ్చిన వరుసలు నాగటిచాళ్లవలె తిన్నగా నుండెను. అవి సన్యాసమ్మ కుట్టును సమీపించినకొలది మిగులుగుడ్డ యెటును పోవ దారిలేక రెంటి నడుమ పుట్టవలె లేచియుండెను.

“ఇదేటి, బొంతకీ నెలలు నిండినట్టున్నాయి” అని పైడమ్మ నవ్వెను. “బయటిదో నడిమిదో ఒకేపు కుట్టు ఇప్పాల. ఇప్పకపోతే సాపవదు.”

ఏది విప్పవలెనో నేనాలోచింపవలసిన పని లేదు. నాది విప్పెదను. మొదటినుండి మరల కుట్టెదను. ఆ సుఖము మరికొన్నాళ్లు దక్కునని లోలోపల సంతసించితిని. అంతలో ముత్యాలు వచ్చినది.

“ఇటివ్వు బావా. ఎప్పుడు సేస్తావు, ఎప్పుడిస్తావు? పిల్లకి రేపోమాపో అన్నట్టుంది. నేనిప్పి సాపు సేస్తాను.”

“ముట్టకు. నేనే ఇప్పుతాను.”

“నీ సూదిపని సూడలేక సస్తన్నాను.”

“సూడకు.”

మఱునాటి యుదయమున గట్టు తెగి మడిలోనికి వరదనీరు పడుచున్నదని కబురు వచ్చెను. పోయితిని. గట్టు నిలిచి నేనిల్లు చేరునప్పటికి సాయంకాలమయ్యెను. నీలవేణికి నొప్పులు మొదలైనవి. నడవయందు బొంత గాలిలేనివేళ నిలిచిన నీటివలె సమతలముగా పఱచియుండెను. ముత్యాలు దారము కొఱికి సూదిని కొప్పున గ్రుచ్చుకొనుచుండెను.

“సాపైపోనాది సూడు బావా. అంచెంట కుట్టు సాలు తోలినట్టు తిన్నగుంది. అక్క సెయ్యి గదా, దాని జోలికెల్లనేదు. నడిమిది కోడి గెలికినట్టుంది. నీదే అనుకుని ఇప్పీసినాను.”

ఆడువారందఱు అంచున మొదలిడుదురు. మగవాని కుట్టు వంకరపోవును. ఆమె లెక్క ఆమెకు సరిగానే యుండెను.

“ఆ దారమేదీ?”

“పొయ్యిలోకి తుడిసీసినాను. దారానికేటి బావా, ఏడిసినట్టుంది ఆ కుట్టు.”

బొంతను చంకనిడుకొని ఆమె పరుగున పోయినది.

ఆడపిల్ల పుట్టినది. పిలిచిరి. పోయితిని. వాన వెలిసి పలుచని యెండ కిటికీలోనుండి బొంతపై వ్రాలియుండెను. నీలవేణి అలసిన వ్రేళ్లతో అంచునందలి నా వరుసలను నిమురుచు “పెదనాన్నా, పెద్దమ్మ ఎంత బాగా కుట్టినాదో సూడు” అనెను.

“ఔను” అంటిని.

ముత్యాలు అచ్చటనే యుండెను. చెప్పియుండవచ్చును. చెప్పినచో ఆమె నేలబడి యేడ్చును. ఏడ్చినచో పోనీలెమ్మని నేను ఓదార్పవలసివచ్చును. ఆ మాట నా నోట రాదు.

వంగి చూచితిని. ముత్యాలు కుట్టిన తిన్నని వరుసల నడుమ సన్యాసమ్మ సూది దూరి వెడలిన రంధ్రములు ఇంకను కనుపించుచుండెను. దారములేని ఆ సన్నని బాట వంకలుపోవుచు బిడ్డ వీపుక్రిందికి పోయి మాయమగుచుండెను. నేను చూచుచుండగనే బిడ్డ ఒడలు విఱుచుకొని బొంతను తడిపెను. ఆ వెచ్చదనము మెల్లమెల్లగా నలుదెసల పాకెను. తడిసిన నూలు ఉబ్బి ఒక్కొక్క రంధ్రమును మూసివేసెను.

దీనిని గూర్చి ఇక నేను మాటాడను.