వెరోన్ అతికించిన టేపు

ఫైనల్ రోజు పొద్దున టషోయా మొక్కజొన్న జావ నిలబడే తాగింది. వెరోన్‌కి అనుమానం అక్కడే మొదలైంది.

మా జమైకా రిలే జట్టులో మొదట పరిగెత్తేది నేను. నా చేతిలోంచి బ్యాటన్ టషోయాకి, తన నుంచి వెరోన్‌కి, ఆ తర్వాత చివరి అమ్మాయికి. వెరోన్ మా అందరికన్నా పెద్దది. ప్రపంచ పోటీల్లో మెడ నొప్పెట్టేటన్ని వెండి పతకాలు వేసుకుంది గానీ బంగారం ముట్టుకోలేదు. ఈ సాయంత్రమే దానికి ఆఖరి పరుగు.

"టషోయాకి తొడ పట్టేసింది. దాస్తోంది," అంది వెరోన్ నా చెవిలో.

"నీకెవరు చెప్పారు?"

"బస్సులో సీటున్నా కూర్చోలేదు. నిన్న డాక్టరు గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది. అడిగితే 'ఏం లేదక్కా' అని పళ్ళికిలిస్తోంది. ఏం లేకపోతే గడియ దేనికే?"

"మరి కోచ్‌కి చెప్పు."

"చెబితే దాన్ని తీసేసి, నాతో ఒక్కసారి కూడా బ్యాటన్ మార్చని పిల్లని పెడతాడు. అప్పుడు వెండికీ దిక్కుండదు."

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. వార్మప్‌లో వెరోన్ కళ్ళు ఆ పిల్ల తొడ మీదే. అదేం అంటురోగమో, కాసేపటికి నాక్కూడా టషోయా కుంటుతున్నట్టే కనిపించి నా మీద నాకే ఒళ్ళు మండింది.

బ్యాటన్ అందుకునేవాళ్ళు తమ వెనక, ట్రాక్ మీద ఒక టేపు ముక్క అతికించుకుంటారు. వచ్చే మనిషి ఆ టేపు తాకగానే, ఇక వెనక్కి చూడకుండా దూకడమే. అది ఎంత దూరంలో ఉండాలో వెరోన్, టషోయా నెలల తరబడి కలిసి సరిచూసుకున్నారు.

తుపాకీ పేలింది. నేను బాగానే అందించాను. టషోయా వెళ్ళిన తీరు చూసి అరవడం కూడా మర్చిపోయాను. కుంటూ లేదు, గింటూ లేదు. అమెరికా పిల్లని దాటేసింది. అవతల మలుపు దగ్గర వెరోన్ మాత్రం ఇంకా కదల్లేదు. కదిలేసరికే టషోయా వెళ్ళి దాని వీపు మీద పడింది. బ్యాటన్ చేతులు మారింది గానీ వేగమంతా చచ్చింది. మా చివరి పిల్ల ప్రాణం పెట్టి పరిగెత్తినా మళ్ళీ వెండే.

టషోయా నేల మీద పడి ఏడుస్తోంది. "నేనే తొందరపడ్డానక్కా. నీ బంగారం పోగొట్టాను."

వెరోన్ మొహంలో నెత్తురు లేదు. "ముందు నీ తొడకేమైందో చెప్పవే."

"తొడకేమైంది? పిర్ర మీద సెగ్గడ్డ లేచింది. నిన్న డాక్టరు కోశాడు."

"ఆ ముక్క చెప్పడానికేం?"

"చెబితే ఊరుకుంటారా? మా వీధిలో ఒకాయన బళ్ళో చదివేటప్పుడు ఒక్కసారి నిక్కరు తడుపుకున్నాడు. మనవలు పుట్టినా ఆయన్ని 'కుళాయి' అనే పిలుస్తున్నారు. నన్ను చచ్చేదాకా సెగ్గడ్డ అంటారు."

అబద్ధం కాదు. మావాళ్ళు పెట్టిన పేరు చర్చిలో పెట్టిన పేరుకన్నా గట్టిది. కోచ్ నా సంచీ తెచ్చిస్తే ఫోన్ తీశాను. మా కింగ్‌స్టన్‌లో జనం అప్పుడే టషోయాకి పేరు పెట్టేశారు: 'బ్రేకుల్లేని బస్సు'. ఆ పిల్ల కంట పడకుండా ఫోన్ వెరోన్‌కి చూపించాను. అది చదివి ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

బయటికి వచ్చే దారిలో విలేకరుల మైకులన్నీ టషోయా మీదికి వచ్చాయి. "అలా వెళ్ళి ఎందుకు గుద్దారు?"

ఆ పిల్ల నోరు తెరిచేలోపు వెరోన్ దాన్ని పక్కకు లాగి తను ముందుకొచ్చింది.

"టేపు నేనే నాకు దగ్గరికి జరిపి అతికించాను. ఎవరికీ చెప్పలేదు. దీని కాలు బాగాలేదని, మెల్లగా వస్తుందని నా అనుమానం. ఇది రావాల్సినట్టే వచ్చింది. నేనే ఆలస్యంగా కదిలాను."



మైకులు దాటాక టషోయా దాని చెయ్యి పట్టుకుంది. "ఎందుకక్కా చెప్పావు? ఇక ఊళ్ళో నిన్ను బతకనిస్తారా?"

"నేనెలాగూ ఇంటికెళ్ళిపోయేదాన్ని," అంది వెరోన్. "నువ్వింకా పరిగెత్తాల్సినదానివి."