తాళం పడని కారు

మారప్ప తడిగుడ్డతో కారు అద్దం తుడుస్తున్నాడు. బయటివైపు మాత్రమే. లోపల తుడవాలంటే తలుపు తెరుచుకోవాలి. తలుపు తెరుచుకోవాలంటే యజమాని గిరిధర్ నిద్ర లేచి, టిఫిన్ తిని, తాళానికి బదులు వచ్చిన ఆ నల్లటి బిళ్ళ జేబులో వేసుకుని మెట్లు దిగాలి. కొత్త కారు వచ్చిన నాలుగు నెలల నుంచి ఇదే వరస. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఇంట్లో ముప్పై నాలుగేళ్ళుగా డ్రైవరు. తాను నడిపే బండి బయట నిలబడి కాచుకుంటున్నాడు.

ఎండిన మనిషి. యాభై తొమ్మిదేళ్ళు. కుడి బొటనవేలి పక్కన కాయ కాచి ఉంది, అన్నేళ్ళు తాళం తిప్పిన చోటు. లేచినప్పటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. గుడ్డ పిండేసరికి ఒళ్ళంతా చెమట పట్టింది. గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాడు.

మొదటిది అంబాసిడర్. దాని తాళం అరిగి అరిగి, చెంచా కాడ పెట్టినా తిరిగేది. గిరిధర్ తండ్రి వీరభద్రయ్య ఆ తాళాన్నే మారప్ప చేతిలో పెట్టి, "ఇది నీ కాడుంటే నాకు నిద్ర పడతాదిరా" అన్నాడు. తర్వాత స్టీరింగు బిగుసుకుపోయే తాళం వచ్చింది. ఆ తర్వాత కుయ్‌మనే రిమోటు; పిల్లి దూకినా వీధంతా లేచేలా అరిచేది. ఆ తర్వాత చిప్పు ఉన్న తాళం. హిందూపురంలో నకలు చేయిస్తే తలుపైతే తెరుచుకుంది, ఇంజిన్ మాత్రం పలకలేదు. దొంగలు ముదిరేకొద్దీ తాళాలు మారాయి. అన్నీ మారప్ప మొలతాడుకే చేరాయి. ఈ ఒక్కటి చేరలేదు. గిరిధర్ ఇవ్వనని అనలేదు. బిళ్ళ జేబులో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటే చాలు, మారప్ప బటన్ నొక్కితే బండి కదులుతుంది. ఇవ్వాల్సిన అవసరమే లేకుండా పోయింది.

ఆ తాళాలకు మారప్ప ఏం ఇచ్చుకున్నాడో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి మరిచారు. ఇరవై రెండేళ్ళ కింద సొంత ఊరు బత్తలపల్లిలో, శెనగచేలో భార్య పాపమ్మను పాము కరిచింది. అంబాసిడర్ మారప్ప ఇంటి ముందే ఉంది. తాళం మొలతాడుకు ఉంది. అడుగుదామంటే వీరభద్రయ్య తిరుపతిలో ఉన్నాడు. అడక్కుండా అయ్య కారు ఎట్లా తీస్తామని పెళ్ళాన్ని భుజాన వేసుకుని బస్సు కోసం నిలబడ్డాడు. గంటకు బస్సు వచ్చింది. పాపమ్మ బస్సులోనే పోయింది. దినాల నాడు వీరభద్రయ్య, "కారు తీసుకోనిపోయింటే నేనేమన్నా అంటానారా" అన్నాడు. ఆ మాటను మారప్ప క్షమించలేదు. తనను అసలే క్షమించుకోలేదు.

ఎనిమిదింటికి బయలుదేరారు. వెనక హిందూపురం దుకాణానికి వెళ్ళే చీరల మూటలు. గిరిధర్‌కు పెనుకొండలో స్థలం చూసే పని ఉంది. చెన్నేకొత్తపల్లి దాటాక మారప్ప గొంతు సవరించుకున్నాడు. నాలుగు నెలలుగా మింగుతున్న మాట.

"సార్, రెండో తాళం బీరువాలో ఊరికే పడుండాది గదా. నా కాడ పెట్టుకుంటా."

"నీకెందుకు మారప్పా? తిప్పేది ల్యా, పెట్టేది ల్యా."

"లోపల తుడిసేదానికి."

"నేనొచ్చినాక తుడుచు." గిరిధర్ ఫోనులోంచి తలెత్తలేదు. "నీ మీద అనుమానం గాదప్పా. కాలం అట్లుండాది. మొన్న హిందూపురంలో ఎవురో డ్రైవరే సరుకుతో పోయినాడంట."

మారప్ప అద్దంలో ఆ ముఖాన్ని చూశాడు. చిన్నప్పుడు గిరిధర్‌ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించింది తానే.

"ముప్పై నాలుగేండ్లు సార్."

"అవునా! అప్పుడేనా?"

పెనుకొండలో గిరిధర్ ఫోను చెవిన పెట్టుకునే దిగాడు. సరుకు దించి రమ్మని చేత్తో సైగ చేసి, కారు కప్పు మీద తట్టాడు. ఇంజిన్ నడుస్తూనే ఉంది. కారు మూడుసార్లు అరిచింది. ముందు ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు వెలిగాయి. మారప్ప చదువు ఐదో తరగతి, ఊరి బడి. ఈ బండి బెల్టుకూ అరుస్తుంది, తలుపుకూ అరుస్తుంది. పట్టించుకోలేదు. తాళం యజమాని జేబులో వెళ్ళిపోయిందని బండి చెప్పింది. అయినా నడిచే ఇంజిన్ ఆగదు. ఆపితే మాత్రం మళ్ళీ లేవదు.

హిందూపురం దారిలో రైలు గేటు పడి ఉంది. మారప్ప ఇంజిన్ ఆపాడు. గేటు దగ్గర పెట్రోలు కాల్చకూడదని వీరభద్రయ్య నేర్పిన అలవాటు.

రైలు పోయింది. గేటు లేచింది. బటన్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. వెనక హారన్లు.

"ఏమబ్బా, సంసారం పెడ్తావా ఈడ?" లారీవాడు కేకేశాడు.

నలుగురు దిగి కారును పక్కకు తోశారు. అక్కడ నేల వెనక్కి వాలుగా ఉంది. మారప్ప దిగి ఫోను చేశాడు.

"సార్, బండి లేస్తల్యా."

అవతల జేబు తడుముకున్న చప్పుడు. "అబ్బా! తాళం ఈడే ఉండాది. ఎవురు ఆపమన్యారు నిన్ను?"

"గేటు పడింది సార్."

"సరే, పని జూసుకోని వస్తా. తాళం ల్యాకుండా అది లాక్ గూడా పడదు. సరుకుండాది. యాడికీ కదలద్దు."

భుజంలోని నొప్పి ఛాతీలోకి దిగింది. ఎవరో మోకాలు ఆనించి నొక్కుతున్నట్టుంది. గేటు దగ్గర ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మే కుళ్ళాయమ్మ అతని ముఖం చూసి లేచి వచ్చింది.

"ఏమప్పా, బూడిదలెక్క అయిపోయినావు?"

హిందూపురం వెళ్తున్న ఆటోను ఆమే ఆపింది. నడిపే దినేష్ అతన్ని చూడగానే వెనక సీటు ఖాళీ చేయించాడు. "ఎక్కు మామా. ఇరవై నిమిషాల్లో ఆస్పత్రి."

"కారు తాళం పడల్యాప్పా."

"నేను సూస్తాంటా పో," అంది కుళ్ళాయమ్మ. "నీ పట్టుసీరలు కట్టుకోని ఈ శెనక్కాయలమ్ముతానా ఏంది?"

మారప్పకు నవ్వు రాబోయింది. "నీ మీద అనుమానం గాదక్కా..." అన్నాడు. ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. ఆటో వైపు ఒక అడుగు వేశాడు. కాలు ఆగింది. ఆ కాలు ఇరవై రెండేళ్ళ కింద కూడా అట్లాగే ఆగింది.

"సార్ వస్తాడు. నువ్వు పో అప్పా."

దినేష్ తిట్టుకుంటూ పోయాడు. మారప్పకు హ్యాండ్‌బ్రేకు మీద నమ్మకం లేదు. వంగి ఒక రాయి ఏరుకొచ్చి వెనక చక్రం కింద పెట్టాడు. చీరలున్న వైపు తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఎవరైనా ఆ తలుపు తెరవాలంటే అతన్ని జరపాలి. కుళ్ళాయమ్మ నీళ్ళు తెచ్చేసరికి అతని తల పక్కకు వాలి ఉంది.

గిరిధర్ బేరం ముగించుకుని గంటన్నరకు వచ్చాడు. "మారప్పా, లెయ్యి," అన్నాడు.

"పానం పోయి శానాసేపయింది లేప్పా," అంది కుళ్ళాయమ్మ. "తాళం నీ కాడుండాదంట గదా. ఏస్కో ఇంగ."

తిరుగు ట్రిప్పులో వచ్చిన దినేష్ ఆటోలోకి మారప్పను ఎక్కించారు. కారులో పట్టుచీరలున్నాయి మరి. గిరిధర్ కూర్చుని బటన్ నొక్కాడు. బండి వెంటనే లేచింది. వెనక్కి తీయబోతే కదల్లేదు. దిగి, వంగి చూసి, చక్రం కింది రాయిని కాలితో రెండుసార్లు తన్నాడు. మూడోసారికి జరిగింది.

కారు హిందూపురం వైపు, ఆటో బత్తలపల్లి వైపు పోయాయి. మళ్ళీ గేటు పడింది. వాలు మీద జానెడు రాయి, ఒక పక్కన టైరు ఒత్తిన నల్లటి చారతో, పెట్టినవాడి చేతికి సరిపోయేంత రాయి.