గోరీ పక్క సాలు

షావలి బిందె భుజానికెత్తుకొని గట్టు ఎక్కేసరికి పద్మజ మేడం అడ్డంగా నిలబడి ఉంది. పరిశోధన క్షేత్రం ఆమెది. అతను అక్కడ కాపలాదారు.

"ఈరోజు వద్దు తాతా. టీవీవాళ్ళు వస్తున్నారు, వెంట పరిశోధనకు డబ్బిచ్చేవాళ్ళు. నీ చేతిలో బిందె కనపడకూడదు."

"వాళ్ళు పోయినాక పోసుకుంటా లేమ్మా."

బిందె దించాడు.

కంబదూరు దాటాక ఉన్న ఆ చేనులో వేరుశనగ ఎండిపోయింది. గోరీలున్న ఖబరస్తాన్‌ను ఆనుకున్న చివరి సాలు ఒక్కటే పచ్చగా ఉంది. గాలి లేనప్పుడు కూడా దాని ఆకులు కదులుతాయని కూలీలు అటు పోరు. పోయిన నెల పత్రికలో, కొత్త వంగడమని, ఆ సాలు ఫోటో వేశారు. 'నీళ్ళడగని వేరుశనగ. కరువుకు ఇక సెలవు.' గట్టు అవతలి గోరీ ఫోటోలోకి రాలేదు.

గోరీ షావలి భార్య గౌస్‌బీది. తాడిపత్రిలో బండలు పాలిష్ చేసి, రాతిపొడితో దగ్గు తెచ్చుకొని అతను ఊరికి తిరిగొచ్చాక, కూలికి పోయి ఇల్లు నడిపింది ఆమే. పోయిన ఎండాకాలం, చివరి ఘడియలో నీళ్ళడిగింది. ఇంట్లో లేవు. షావలి ట్యాంకరు దగ్గర వరసలో ఉన్నాడు. బిందెతో వచ్చేసరికి అడిగే మనిషి లేదు.

పూడ్చిన రోజు గోరీ మీద నీళ్ళు చల్లడం అందరూ చేసేదే. షావలి మానలేదు. రోజూ బిందెడు. ఆ నీళ్ళు వాలుకు ఇంకి, గట్టు కింది నుంచి సాలు వేళ్ళకు పోతున్నాయి.

పత్రిక వచ్చిన రోజే మేడంకు చెప్పాడు. ఆమె చాలాసేపు గట్టు వైపు చూసింది.

"డబ్బు మంజూరు కానివ్వు, మళ్ళీ పరీక్ష చేద్దాం. ఇప్పుడు బయటపడితే క్షేత్రం మూస్తారు. అందరి కూలీ పోతుంది."

ఎండ ముదిరాక జీపులు వచ్చాయి. విలేకరి తిప్పేష్ షావలి చొక్కాకు చిన్న వైర్‌లెస్ మైకు గుచ్చాడు. కలుపు తీసే కదిరమ్మ నవ్వింది.

"ఏమప్పా షావలీ, టీవీలో పడతాండావు. గడ్డానికి రంగేసుకోకపోతివే?"

"రంగేస్తే గౌస్‌బీ గుర్తుపట్టదు లే."

కదిరమ్మ నవ్వు ఆపింది.

"తాతా, ఈ సాలుకు ఎప్పుడైనా నీళ్ళు పోసినారా?" తిప్పేష్ అడిగాడు.

షావలి మేడం వైపు చూశాడు.

"లేదు నాయనా. ఒక్క సుక్క గూడా పోయలేదు. ఈడ ఎవురూ పోయలేదు."

డబ్బిచ్చేవాళ్ళు చప్పట్లు కొట్టి, పచ్చసాలు ముందు ఫోటోలు దిగి వెళ్ళిపోయారు. మైకు విప్పడం తిప్పేష్ మరిచిపోయాడు. జీపు దగ్గర టీ తాగుతూ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. గట్టు అవతల నుంచి షావలి గొంతు వినిపించింది.

"అట్ల చెప్పాల్సొచ్చింది గౌసూ. నీకు పోసిందంతా లేదంటి."

ఆగాడు.

"ఊఁ."

మళ్ళీ ఆగాడు, ఎవరో మాట్లాడుతున్నంతసేపు.

"ఈ పొద్దు బిందె తేనీలేదు. నేనేం జేసేది?"

ఇంకాస్త నిశ్శబ్దం.

"సరే. నేనే వస్తా."

దగ్గు. తర్వాత ఊపిరి. తర్వాత అదీ లేదు.

తిప్పేష్ పరుగెత్తాడు. షావలి గోరీకి ఒరిగి కూర్చున్నాడు. వెనకే వచ్చిన మేడం అతని మణికట్టు పట్టుకొని చూసి, వదిలేసింది.

"ఏం విన్నావు?" అని తిప్పేష్‌ను అడిగింది.

"నీళ్ళ సంగతి."

తిప్పేష్ హెడ్‌ఫోన్లు తీసి సంచిలో పెట్టాడు.

చీకటి పడకముందే షావలిని గౌస్‌బీ పక్కన పూడ్చి, కొత్త మట్టి మీద నీళ్ళు చల్లారు. అదే వేళ టీవీలో అతని ముఖం వచ్చింది. ఒక్క సుక్క గూడా పోయలేదని చెబుతున్నాడు. ఆ తర్వాతి మాటలు వేయలేదు.

పూడ్చేముందు స్నానం చేయించేటప్పుడు తీసిన చొక్కా అతని ఇంట్లో దండెం మీద ఉంది. గుండీ దగ్గర గుచ్చిన మైకు ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది.