బావ వెనక సీట్లో కూర్చున్న రోజు

ఆ రోజు పొద్దున చెప్పులేసుకుంటూ అక్క, "ఇదే ఆఖరు. ఇంక నేను రాను," అంది. కోపంగా అనలేదు. పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా అంది. అందుకే నాకు భయం వేసింది. కోపంలో అన్న మాటలు అక్క సాయంత్రానికి మర్చిపోతుంది, నెమ్మదిగా అన్నవి మర్చిపోదు.

వైద్యం ఇంకా సగంలోనే ఉంది. మందు పనిచేస్తోందని, గడ్డ కరుగుతోందని, ఇప్పుడు ఆపేస్తే పడిన కష్టమంతా వృథా అని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. అక్కకి అదంతా తెలుసు. సూదులు భరిస్తాను, జుట్టు పోతే పోయింది, ఆ రోడ్డు మాత్రం నావల్ల కాదంటుంది. ప్రతిసారీ తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా వాంతులే. ఇల్లు చేరేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. ఆ తర్వాత మంచం దిగడానికి ఓపికుండదు. మందు గుణం అంతేనని మేమందరం సరిపెట్టుకున్నాం.

మా బావ నీళ్ల సరఫరా శాఖలో పనిచేస్తాడు. రోడ్ల కింద పైపులు ఎక్కడ కారుతున్నాయో చెవి పెట్టి విని కనిపెట్టడం ఆయన ఉద్యోగం. అదే పని చేసీ చేసీ లోకంలో ఏది చూసినా ఎక్కడో ఒకచోట కారిపోతున్నట్టే కనిపిస్తుంది ఆయనకి. ఇంట్లో కుళాయి చుక్క రాలితే నిద్ర పట్టదు. అలాంటి మనిషి చేతికి కరెంటు కారు వచ్చింది, ఇంక చూసుకోండి.

ఆ కారులో మూడు మోడ్లున్నాయి. స్పోర్ట్‌లో పెడితే ఎగిరి దూకుతుంది. నార్మల్‌లో పెడితే అన్ని కార్లలాగే పోతుంది. ఎకోలో పెడితే, పెడల్ మీంచి కాలు తీయడం ఆలస్యం, వెనకనించి ఎవరో కాలర్ పట్టుకు లాగినట్టు ఆగిపోతుంది. అలా ఆగినప్పుడల్లా కొంచెం చార్జింగ్ తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. ఆ సంగతి తెలిసిన రోజున బావ పడ్డ సంబరం, పెళ్లిరోజున కూడా పడి ఉండడు.

కానీ ఆయన్ని ఊరికే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. మొదటిసారి ఆస్పత్రికి నార్మల్‌లోనే వెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు చార్జింగ్ చాలక దారిలో స్టేషన్ దగ్గర ఆగాల్సొచ్చింది. ఒక మిషన్ పనిచెయ్యదు, రెండో దానికి కార్లు బారులు తీరి ఉన్నాయి. మండే ఎండ. అక్క తలకి కట్టుకున్న గుడ్డ జారింది, పక్క కారులో వాళ్లు తేరిపార చూశారు. అక్క మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఇంక చచ్చినా దారిలో ఆపనని బావ ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటినించీ ఎకో తప్ప మరో మోడ్ ఎరగం. ఇల్లు చేరగానే బ్యాటరీ అంకె అక్కకి చూపించి, "చూశావా, ఎంత మిగిల్చానో," అంటాడు. అక్క కొంగుతో మూతి తుడుచుకుంటూ నవ్వుతుంది.

ఈసారి బావ డ్యూటీలో పైపు కోసం తవ్విన గోతిలోనే పడి చీలమండ వాచగొట్టుకున్నాడు. కారు నేను నడపాల్సొచ్చింది. నాది ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. తప్పులు పట్టడం తప్ప ఏ పనీ రాదని బావ వెక్కిరిస్తాడు గానీ, డ్రైవింగ్ నాకు బాగానే వచ్చు. ఆయన కట్టు కట్టిన కాలు ముందు సీట్ల మధ్యకి చాపుకుని, కారు కొన్నాక మొట్టమొదటిసారి వెనక సీట్లో అక్క పక్కన కూర్చున్నాడు.

"ప్రూఫులమ్మా, ఎకోలోనే పెట్టు. బ్రేక్ ముట్టుకోకు. కాలు తీస్తే చాలు, అదే ఆగుతుంది," అన్నాడు.

"అలాగే బావా. ఊపిరి పీల్చుకోవచ్చా, దానికీ చార్జింగ్ ఖర్చవుతుందా?"

వెళ్లేటప్పుడు పొద్దున్నే కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది, హాయిగా వెళ్లాం. ఆస్పత్రిలో అక్క మందు ఎక్కుతున్నంతసేపూ నిబ్బరంగానే ఉంది. నర్సుతో జోకులు కూడా వేసింది. నేను మాత్రం కుర్చీలో కూలబడి, ఇదే ఆఖరంటే ఏం చెయ్యాలా అని ఆలోచించి ఆలోచించి అలిసిపోయాను. బతిమాలడానికి కూడా నా దగ్గర కొత్త మాటలు మిగల్లేదు.

తిరుగు దారిలో లారీలు, సిగ్నళ్లు. పది అడుగులు కదలడం, ఆగడం. నేను కాలు తీసినప్పుడల్లా కారు ముక్కు కిందికి వంగి, మళ్లీ లేస్తోంది. కొంతసేపటికి, వాంతుల కోసం అక్క వెంట తెచ్చుకునే సంచీ తెరిచిన చప్పుడు వినిపించింది. ఇంక మొదలైందనుకుని నాకు నీరసం వచ్చేసింది. అద్దంలో చూస్తే సంచీలోకి తల దూర్చింది అక్క కాదు, బావ.

పక్కకి తీసి ఆపాను. బావ తలుపు తీసి రోడ్డు పక్కన కక్కుకున్నాడు. అక్క వీపు రాస్తూ కూర్చుంది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పొద్దున తిన్నది పడలేదేమో," అన్నాను.

"ఏం తిన్నాను గనక," అని బావ సీటుకి తల ఆనించాడు. "మనిషిని పట్టుకుని ఎవరో ఊపేస్తున్నట్టుంది. కడుపు గొంతులోకొస్తోంది." అని అక్క వైపు తిరిగాడు. "నీకు ప్రతిసారీ ఇలాగే ఉంటుందా?"

అక్క నీళ్ల సీసా మూత బిగించింది. "ఇంతకంటే ఎక్కువే. మీ ఒంట్లో మందు లేదు కదా."

"అంటే మందు వల్ల కాదా?"

"కొంచెం అదీ ఉంటుంది. కానీ ఆస్పత్రిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటాను కదండీ. కారెక్కాకే ఇదంతా."

నాకు ఒళ్లు మండిపోయింది. "తెలిసీ నోరు మూసుకు కూర్చున్నావా? వైద్యం మానేస్తానన్నావు గానీ, బండి సరిగ్గా నడపమని ఒక్క మాట అనలేకపోయావా?"

"నువ్వు ముందు సీట్లో ఉంటావు, నీకేం తెలుసు," అంది అక్క. గొంతు పెంచే ఓపిక కూడా లేదు దానికి. "ఇంటికెళ్లగానే ఆ అంకె చూపిస్తారే, అప్పుడు ఈయన మొహం చూడాలి. ఈ జబ్బు వచ్చాక ఈయన మొహంలో వెలుగు చూసింది అప్పుడొక్కసారే. అదీ నా నోటితో తీసెయ్యమంటావా?"

బావ కిటికీ వైపు తిరిగి లారీలకేసి చూశాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం అద్దంలో కనిపించింది. నేను చూడనట్టు ముందుకి తిరిగాను. అక్క మీద కోపం, బావ మీద జాలి, నా మీద చిరాకు, అన్నీ ఒకేసారి వచ్చాయి.

"నార్మల్‌లో పెట్టు," అన్నాడు బావ.

"ఇంటిదాకా చార్జింగ్ చాలదు బావా. దారిలో ఆపాలి."

"ఆపుదాం. ఏసీ కూడా వెయ్యి."

నార్మల్‌లో కారు జారినట్టు పోయింది. అంకె మాత్రం చూస్తుండగానే పడిపోతోంది. ఎంతుందని బావ ఒక్కసారి కూడా అడగలేదు. అలా అడక్కుండా ఉండడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు. అక్క ఆయన భుజం మీద తల వాల్చింది. సంచీ మళ్లీ తెరవలేదు.

చార్జింగ్ స్టేషన్‌కి చేరేసరికి అక్క గాఢంగా నిద్రపోతోంది. ఈసారి బారు పెద్దదిగా లేదు. నేను దిగి తీగ తగిలించాను. బావ భుజం కదిలించకుండా, చాపిన కాలు నొప్పెడుతున్నా మడవకుండా, బొమ్మలా కూర్చున్నాడు. చార్జింగ్ అయ్యి, నేను తీగ తీసి సీట్లోకి వచ్చినా, అక్క నిద్ర చెడుతుందని కారు కదపలేదు. వెనక కారతను వచ్చి అద్దం తట్టబోయాడు. బావ లోపల్నించే రెండు చేతులూ జోడించాడు. ఆ మనిషి లోపలికి తొంగి చూసి, అక్క తలగుడ్డ చూసి, మెల్లగా వెనక్కి వెళ్లిపోయాడు.

అక్క తనంతట తనే లేచింది. కళ్లు నులుముకుని చుట్టూ చూసింది. అది ఆ పాత చోటేనని గుర్తుపట్టింది. ఏమంటుందోనని నేను స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను.

"ఇక్కడ ఎండ మొహం మీద కొడుతోంది," అంది అక్క విసుగ్గా. "వచ్చేసారి ఆ చివర నీడలో పెట్టండి."

"అలాగే," అన్నాడు బావ. వచ్చేసారి ఆపాల్సిన ఆ నీడని ఒకసారి చూసి పెట్టుకున్నాడు. నేను తల తిప్పకుండా కారు స్టార్ట్ చేశాను.