కారణం రాయని మార్పు

ఆదివారం మధ్యాహ్నం హాయిగా నడుం వాల్చాల్సిన మనిషి ఆ వికీ పేజీ తెరవడమంటే కొరివితో తల గోక్కోవడమే. తెలిసి తెలిసీ తెరిచింది అక్క.

అక్కంటే సొంత తమ్ముడొక్కడికే కాదు, 'గొంతుక' ప్రాజెక్టులో ఉన్నవాళ్ళందరికీ అక్కే. మాట పోయినవాళ్ళు ట్యాబ్‌లో టైపు చేస్తే పైకి పలికే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అందులో ఎవరికీ జీతాల్లేవు. కోడ్ వచ్చినవాళ్ళు కోడ్ రాస్తారు, దాన్ని ఎలా వాడాలో చెప్పే వికీ పేజీలు అక్క చూసుకుంటుంది. వికీ అంటే తలుపుల్లేని ఇల్లు, ఎవరైనా వచ్చి ఏదైనా మార్చవచ్చు. వస్తారు కూడా, మహానుభావులు! ఒకడు చెప్పుల ప్రకటన అంటించి పోతాడు. ఒక పెద్దమనిషి "నొక్కండి" అన్నచోటల్లా "నొక్కవలెను" అని దిద్దుతాడు. ఆయనంటే పడని ఇంకో పెద్దమనిషి వచ్చి మళ్ళీ "నొక్కండి" చేస్తాడు. వీళ్ళ మధ్య అక్కకు తల ప్రాణం తోకకొచ్చింది.

అందుకే అందరితో పోట్లాడి ఒక రూలు తెచ్చింది. ఏం మార్చినా, ఎందుకు మార్చారో కింద గడిలో రాయాలి. గడి ఖాళీగా ఉంటే ఆ మార్పును వెనక్కి తిప్పేయడమే, చదవనక్కర్లేదు.

"చదవకుండానా?" అని అడిగాడు వెబ్‌సైట్ చూసే ఆయన. అందరినీ ఆటపట్టిస్తాడని ఆయనకు బావ అని పేరు.

"అందరివీ చదువుతూ కూర్చుంటే నా ఇంటి పని నువ్వొచ్చి చేస్తావా?" అంది అక్క.

ఈ వేళ కూడా ఖాళీగడి రానే వచ్చింది. ఆ పేరు అక్క పెట్టిందే, అసలు పేరు ఎవరికి తెలుసు! కొత్త వెర్షన్ ఎలా వేసుకోవాలో చెప్పే పేజీలో, అట్టడుగున ఉన్న స్టెప్పొకదాన్ని తీసుకెళ్ళి అన్నిటికన్నా పైన పెడుతుంది ఆ శాల్తీ. కారణం మాత్రం రాయదు. అక్క వెనక్కి తిప్పుతుంది, తెల్లారేసరికి అది మళ్ళీ పైనుంటుంది. స్టెప్పుల వరస కుదరడానికే నెలల తరబడి కొట్టుకు చచ్చారు జనం. ఇప్పుడు ఈ గొడవొకటి!

"ఎందుకో చెప్పి చావొచ్చు కదా! నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని కంప్యూటర్ మీద గయ్యిమంటూ మళ్ళీ తిప్పేసింది అక్క.

ముందు గదిలోంచి తమ్ముడు కేకేశాడు. "అక్కా, అమ్మ ట్యాబ్‌లో కొత్త వెర్షన్ వేస్తున్నా. నీ పేజీ చూసే చెయ్యనా?"

"అదే చూసి చెయ్యి. ఒక్క స్టెప్పు కూడా అటూ ఇటూ చెయ్యకు," అంది అక్క తల తిప్పకుండా.

అమ్మకు గొంతు ఆపరేషనై మాట పోయింది. పోతుందని డాక్టరు ముందే చెప్పాడు. అందుకని ఆపరేషన్‌కు ముందు, వీధి రొద పడకుండా బట్టల బీరువాలో తల దూర్చి, రోజుల తరబడి వాక్యాలు చదివి రికార్డు చేసింది. "ఎవడు రాశాడే ఇవి, నోరు తిరగట్లేదు!" అన్న విసుగు కూడా అందులో పడిపోయింది. వాటితోనే 'గొంతుక' అమ్మ గొంతు తయారుచేసింది. ఇప్పుడు అమ్మ టైపు చేస్తే అమ్మే మాట్లాడుతుంది, అదే విసురు, అదే దీర్ఘం. ఆ రికార్డులూ ఆ గొంతూ ఉన్నది ఆ ట్యాబ్ ఒక్కదాంట్లోనే. ఇంకోచోట దాచాలని అక్క అనుకోని వారం లేదు, దాచిన వారమూ లేదు.

కడుపుమంట చల్లారక అక్క ఖాళీగడికి నేరుగా మెసేజ్ పెట్టింది. "ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? అసలెందుకు మారుస్తున్నారు?"

కాసేపటికి జవాబొచ్చింది.

"మా ఆయన పోయాక, ఆయన గొంతు వినడానికే ట్యాబ్ ఉంచుకున్నానండి. మీ పేజీ చూసి కొత్త వెర్షన్ వేశాను. పాతది తీసేస్తే గొంతు కూడా పోతోంది. ఇదివరకు పోయేది కాదట. గొంతు కాపీ తీసుకోమన్న ముక్క మీరు అట్టడుగున పెట్టారు. అక్కడిదాకా వచ్చేసరికి ఇంకేం మిగల్లేదు. మళ్ళీ చదివి పెట్టడానికి ఆయన లేరు కదా. ఎందుకు మార్చారు అని ఆ గడి అడిగితే, నాకు రాయబుద్ధి కాలేదండి."



"ఒరేయ్, ఆపరా!" కుర్చీ తన్నుకుంటూ ముందు గదిలోకి పరుగెత్తింది అక్క.

తమ్ముడు బుర్ర గోక్కుంటున్నాడు. "పేజీలో ఉన్నట్టే చేశానక్కా. చివర్న గొంతు కాపీ తియ్యమంది. తీద్దామంటే అక్కడేం లేదేంటి?"

అమ్మ ట్యాబ్ లాక్కుని ఏదో టైపు చేసింది. బస్‌స్టాండులో ప్రకటనలు చదివే గొంతొకటి పొడిపొడిగా పలికింది. "ఎవరే ఇది, మనింట్లో?"

అమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. మళ్ళీ టైపు చేయబోయి, మానేసి, ట్యాబ్ బోర్లించి పెట్టింది.

తమ్ముణ్ణి తిట్టాలనిపించింది అక్కకు. కోడ్ రాసినవాళ్ళను దులిపేయాలనిపించింది. ఎవరిని తిట్టబోయినా ఆ తిట్టు తిరిగి తిరిగి తన దగ్గరికే వస్తోంది. చదివితే ఎంతసేపు పట్టేది? ఒక్క ముక్క! చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వెళ్ళి ఆ స్టెప్పును పైకి తెచ్చింది. ఇంకో ఇంట్లో ఇంకో తమ్ముడు ఈపాటికి మొదలుపెడుతూ ఉంటాడు. కింద గడి అడిగింది, ఎందుకు మార్చారు అని. ఏమీ రాయకుండానే సేవ్ కొట్టింది.

నిమిషం తిరక్కుండా స్టెప్పు మళ్ళీ అడుక్కి పోయింది. పక్కన బావ రాసిన ముక్క, నవ్వుతున్న బొమ్మతో సహా. "గడి ఖాళీ. చదవలేదు. రూలు నీదే కదక్కా!"

అక్క దాన్ని మళ్ళీ పైకి లాగింది. ఈసారి గడిలో రాసింది.

"ఒకావిడ భర్త గొంతు పోయింది. ఆవిడ చెబుతూనే ఉంది, నేను చదవలేదు. ఇవాళ మా అమ్మది పోయింది."