మేస్త్రీ మూడోసారి మీసం దువ్వగానే

"ఆ సూపర్‌వైజర్ పని సంగతేం చేశావే?" అని, చూసిపోదామని వచ్చిన అమ్మ భోజనాల దగ్గర అడిగింది. అడిగింది కూతుర్ని. జవాబు మాత్రం అల్లుడు చెప్పాడు, పళ్ళెంలోంచి తలెత్తకుండానే.

"దానికి కుదరదులెండి అత్తయ్యా."

ఆ కుదరని మనిషి వెనకే నిలబడి కూర వడ్డిస్తోంది. పన్నెండేళ్ళుగా ఆసుపత్రి దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తోంది. ఏ యంత్రం ఎప్పుడు మొరాయిస్తుందో చప్పుడును బట్టి చెప్పేయగలదు. ఇక ఆ విభాగమంతా నువ్వే చూసుకో అన్నారు. రేపు పొద్దునకల్లా అవునో కాదో చెప్పాలి. ఆమెకు ఆ పని కావాలి. చాలా కావాలి. కానీ ఆమెనడిగిన వాటికి జవాబు చెప్పడం ఆయనకు పెళ్ళినాటి నుంచీ అలవాటు. పక్కింటావిడ టీ తాగుతావా అని అడిగినా "అది తాగదండీ" అని ఈయనే చెప్పేస్తాడు. పదిహేనేళ్ళయినా ఆ ఇంటి టీ రుచి ఆమె ఎరగదు.

పక్కనే తింటున్న ఆమె అత్తగారూ ఊరుకోలేదు. "మీవైపు ఆడవాళ్ళకి మొదట్నుంచీ ఈ పిచ్చేగా. ఆ పిల్లెవరో మిల్లుకెళ్ళి పంతొమ్మిదేళ్ళకే పోయింది. ఏం సుఖపడింది పాపం?"

ఆ పిల్లెవరో అంటే కోడలి అమ్మమ్మకు అక్క. ఈమెకిప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు, అంటే ఆ పిల్ల వయసుకు సరిగ్గా రెట్టింపు. అయినా పెద్దమ్మమ్మ అనే అంటుంది. అందరూ పాపం అన్న ఒక్క ముక్కతో ఆ పిల్ల కథ ముగించేస్తారు గాని, ఈమెకు తలచుకుంటేనే నవ్వొస్తుంది.

పద్నాలుగేళ్ళకే బట్టల మిల్లులో చేరింది పెద్దమ్మమ్మ. మగ్గాల మోతలో పక్క మనిషి అరిచినా వినపడేది కాదు. అందుకని అక్కడి ఆడపిల్లలంతా ఉత్తి పెదవులు కదిపి మాట్లాడుకునేవారు, పెదవులు చూసే అర్థం చేసుకునేవారు. మేస్త్రీకి ఆ విద్య పట్టుబడలేదు. ఆయన ముక్కు మీదా నడక మీదా ఆయన ఎదుటే జోకులు నడిచేవి. ఆయనేమో పిల్లలు ఎంత బుద్ధిగా పనిచేసుకుంటున్నారో అని మురిసిపోయేవాడు.

గాలి తగిలితే దారం తెగుతుందని ఆయన కిటికీలన్నీ బిగించాడు. ఎండాకాలంలో ఇద్దరు పిల్లలు సొమ్మసిల్లి పడిపోయారు. మర్నాడు పెద్దమ్మమ్మ పెదవులతో ఒక కబురు పంపింది. మేస్త్రీ మూడోసారి మీసం దువ్వగానే మగ్గాలు ఆపేయాలని. వరస నుంచి వరసకు అది పాకింది. ఆయన దువ్వాడు. మోతంతా ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ షెడ్డులో నిశ్శబ్దమన్నది ఎన్నడూ ఎరగని ఆ మహానుభావుడు తనకు చెవుడొచ్చిందనుకుని చెవి మీద ఠపీమని కొట్టుకున్నాడట. అప్పుడు పెద్దమ్మమ్మ గట్టిగా, "కిటికీలు తెరవండి," అంది. తెరిచారు.

దూది నలుసులు ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి చివరికి పెద్దమ్మమ్మ గొంతు పోయింది. ఇంటిల్లిపాదీ ఏడ్చారు గాని, ఆ పిల్లకు గొంతుతో పనేముంది? మంచంలోంచే పెదవులాడిస్తూ డాక్టరును వెక్కిరిస్తే, పదకొండేళ్ళ అమ్మమ్మ పక్కన కూర్చుని పడీపడీ నవ్విందట. ఆ భాష అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి ఈమెకు, ఈమె నుంచి పదేళ్ళ కూతురికి వచ్చింది.

"పొద్దున ఆరింటికే వెళ్ళాలట. మా అమ్మకి వేణ్ణీళ్ళెవరు పెడతారు?" అని భర్త మీసం దువ్వుకున్నాడు.

బల్లకు అటువైపు అమ్మ పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. ఒకటి.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. పిల్లని బడికెవరు తయారుచేస్తారని అడుగుతూ ఆయన మళ్ళీ దువ్వుకున్నాడు. ఈసారి కూతురి పెదవులు కదిలాయి. రెండు. నవ్వాపుకోలేక ఆ పిల్ల నీళ్ళగ్లాసు వెనక మొహం దాచుకుంది.

"అయినా దానికే ఇష్టం లేదులెండి," అంటూ ఆయన మూడోసారి మీసం మీద చెయ్యి వేశాడు.

ఆమె గరిటె గిన్నెలో వదిలేసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఇంట్లో అందరితోపాటు బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదలు. తింటున్న చేతులన్నీ ఆగిపోయాయి. ఇక్కడ మగ్గాల మోత లేదు కదా, ఆమె గొంతు విప్పే చెప్పింది.

"నాకు కుదురుతుంది. రేపు ఒప్పుకుంటున్నాను."

భర్త చెయ్యి మీసాన్ని వదిలి, మెల్లగా చెవి దగ్గరికి వెళ్ళింది.