వన్స్‌మోర్ అంటేనే లేచే రామలింగప్ప

పలకలు పక్కన పెట్టి దగ్గరికి జరగండి పిల్లలూ. వెనకాల ఉన్నోళ్లు కూడా ముందుకొచ్చి కూచోండి.

మన కోడుమూరులోనే రామలింగప్ప అనే నేతగాడు ఉండేవాడు. పగలు మగ్గం నేసేవాడు, జాతర్లప్పుడు నాటకాలాడేవాడు. యుద్ధంలో కూలిపోయే రాకుమారుడి వేషం ఆయనది. పద్యం పాడి పడిపోతే నిజంగానే చచ్చిపోయేవాడు. ఒళ్లు చల్లబడేది, నాడి ఆగేది. జనం "వన్స్‌మోర్!" అని అరిస్తే లేచి, మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడు. ఆట అయిపోయినాక ఆయన భార్య మద్దమ్మ చెవిలో మెల్లగా "వన్స్‌మోర్" అనేది. లేచి కూచుని, "సంగటి ఉండాదా మద్దీ?" అని అడిగేవాడు. ఊళ్లో ఇదెవరికీ వింత కాదు. కొందరికి తేలుమంత్రం వస్తుంది, ఆయనకు ఇది వచ్చు.

పేరు కర్నూలు దాటింది, కడప దాటింది. మద్రాసు టాకీవాళ్లు కబురు పెట్టారు. అప్పుడు మద్దమ్మ చలిజ్వరంతో మంచాన ఉంది.

"నేను లేకుండా పోతే ఆడ నిన్నెవరు లేపుతారయ్యా?"

"పిచ్చిదానా, అంతమంది ఉంటారంట. ఒక్కడన్నా అనకపోతాడా?" అని నవ్వి పోయాడు.

కానీ టాకీ తీసేచోట ఎవరూ నోరెత్తకూడదు. దగ్గినా యంత్రం పట్టేస్తుంది. రామలింగప్ప పాడి పడిపోతే అందరూ చప్పుడు కాకుండా కళ్లు తుడుచుకున్నారు. మొదటిసారే బాగా వచ్చింది, ఇంకోసారి ఎవరూ అడగలేదు.

అక్కడే మట్టి చేశామని మూడోనాడు తంతి వచ్చింది.

ఏడాదికి ఆ టాకీ బొమ్మ, దాన్ని ఆడించే డేరాతో సహా కోడుమూరొచ్చింది. మద్దమ్మ సంగటిముద్ద మూటగట్టుకుని ముందు నేలమీద కూచుంది. తెరమీద మొగుడు కూలిపోగానే, "వన్స్‌మోర్!" అంది. ఊరంతా అందుకుంది. రామలింగప్ప లేచాడు, పద్యం పాడాడు. ఆమె ఒళ్లోని మూటను చూశాడు. తెర దాటి రాలేక మళ్లీ పడిపోయాడు.

మగ్గం మూలబడింది. డేరా వెంబడి మద్దమ్మ ఓర్వకల్లు పోయింది, కోయిలకుంట్ల పోయింది. దినమూ పిలిచేది, ఆయన లేచేవాడు, చచ్చేవాడు. ఆయన కోసం తెచ్చిన ముద్ద ఆమె ముట్టేది కాదు. చిక్కి పుల్లయింది.

కోయిలకుంట్లలో ఒక సాయంత్రం, లేచినాయన పద్యం ఎత్తుకోలేదు.

"ఎన్నితూర్లు సంపుతావు మద్దీ? శానా అలిసిపోయినా. ఆ ముద్ద నువ్వు తిను."

మరునాడు ఆయన కూలిపోయినప్పుడు జనమంతా ఆమె వైపు చూశారు. ఆమె పిలవలేదు. ఒకడెవడో అరవబోతే చెయ్యెత్తి ఆపింది. రాకుమారుడు అట్లే పడుకున్నాడు. మద్దమ్మ మూట విప్పి, ముద్ద విరుచుకుని తినింది.

డేరాను వదిలి ఊరికి తిరిగొచ్చింది. మీ వీధి చివర టకటకమనే మగ్గం ఆమెదే.

ఇంక లేయండి. ఇండ్లలో సంగటి దించే వేళయింది, పోయి తినండి. మీ అమ్మలతో రెండోసారి పిలిపించుకోవద్దు.